కోటు లోపలి జేబు

ఓడ మునిగి మూడు నెలలైంది. అయ్యగారు దొరకలేదు. కోటు దొరికింది.

మనిషి పోయి కోటెలా మిగిలిందని ఎవరూ అడగలేదు. ఆ కథ అప్పటికే సంఘంలో చిన్నాపెద్దా అందరికీ కంఠతా వచ్చు. పొగమంచులో ఓడ రాతిని ఢీకొంది. పడవలు దించారు. అయ్యగారికి పడవలో చోటిచ్చారు. ఆయన ఆ చోటు ఒక గర్భిణికి ఇచ్చి, ఒంటి మీది కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పి, ఓడ మీదే నిలబడి ప్రార్థన చేస్తూ మునిగిపోయారు. ఆ గర్భిణి బతికింది. ఆడపిల్లని కన్నది. కోటుని కాగితంలో చుట్టి, ఒక ఉత్తరం జతచేసి సంఘానికి పంపింది.

ఆ కోటు కుట్టింది దర్జీ. అందుకే దాన్ని మళ్లీ దర్జీ దగ్గరికే తెచ్చారు.

తెచ్చినవాడు సెక్రటరీ. అయ్యగారికి స్వయానా బామ్మర్ది. రెండు చేతుల మీద పసిబిడ్డని మోసుకొచ్చినట్టు తెచ్చి కత్తిరింపు బల్ల మీద పడుకోబెట్టాడు.

"వచ్చే ఆదివారం హాల్లో అద్దాల పెట్టెలో పెడతాం. ఉప్పు మరకలు పోవాలి. అలాగని మరీ కొత్తదానిలా చెయ్యకు. సముద్రంలో తడిసినట్టు కనబడాలి."

"తడిసినట్టు కనబడాలా, ఉతికినట్టు కనబడాలా?"

"రెండూ."

"రెండూ కావాలంటే సగం ముంచి తేవాల్సింది."

సెక్రటరీ నవ్వలేదు. నవ్వితే తన హోదా ఎక్కడ జారిపోతుందోనని భయపడే రకం. "నువ్వు కూడా ఆ రోజు వేదిక మీదికి రావాలి. మీ ఆవిడ సంగతి చెప్పాలి. పుస్తకం కూడా ఆ రోజే పంచుతున్నాం. ఆరో అధ్యాయమంతా మీ ఆవిడే, తెలుసుగా?"

తెలుసు. అచ్చుకి వెళ్లకముందే తెచ్చి చదివి వినిపించారు. అప్పుడు దర్జీ కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఆ పుస్తకం అయ్యగారి జీవితం. అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, ఆయన పుట్టుకతో అయ్యగారు కాదు. రేవులో గోదాము దగ్గర తూకం గుమస్తా. ఇరవై ఆరో ఏట మూటల దొంతర మీద పడి పది రోజులు స్పృహ లేకుండా ఉన్నాడు. పదకొండో రోజు లేచి, ప్రభువు తనని పేరు పెట్టి పిలిచాడన్నాడు. ఉద్యోగం మానేశాడు. వీధి మలుపులో ఖాళీ పెట్టె బోర్లించి, దాని మీదెక్కి చెప్పడం మొదలుపెట్టాడు. రాళ్లు పడ్డాయి. నుదుటి మీద మచ్చ దానిదే. మొదటి నెల విన్నవాళ్లు ముగ్గురు. ఒక గుడ్డి ముసలమ్మ, ఒక చాకలి, ఒక దర్జీ.

ఆ దర్జీ ఇతనే. అయ్యగారికి మొదటి కోటు ఊరికే కుట్టిపెట్టాడు. రెండు పాత కోట్లు విప్పి ఒకటి చేశాడు. ముందంతా నల్లది, వెనకంతా బూడిదరంగుది. అందుకని అయ్యగారు ఏడాది పాటు జనానికి వీపు చూపించకుండా ప్రసంగించారు. ఆ సంగతి మటుకు పుస్తకంలో లేదు.

తర్వాత గుడారాలొచ్చాయి. గుడారాల తర్వాత హాలొచ్చింది. ఓడలెక్కి దేశాలు తిరగడమొచ్చింది. మైకు లేకుండా మూడు వేల మందికి వినబడే గొంతు ఆయనది. మధ్యలో ఉన్న ఒక్క కొడుకూ ఆసుపత్రిలో పోయాడు. అప్పటినుంచి ఆయన బోధ మారింది. "మందు సీసా పట్టిన చేతిలో ప్రార్థన నిలవదు" అన్నారు. ఏటా ఒక ఆదివారం వేదిక ముందు పీపా పెట్టేవారు. జనం వరసగా వచ్చి ఇళ్లలోని మందు సీసాలు అందులో పడేసి వెళ్లేవారు. గాజు పగులుతుంటే పాట పాడేవారు.

ఎనిమిదేళ్ల కిందట అయ్యగారు ఉన్నట్టుండి చిక్కిపోయారు. ఒక్క ఏడాదిలో నడుము నలభై రెండు నుంచి ముప్పై ఆరుకి దిగింది. టేపు పట్టుకున్నది దర్జీయే.

"ఏంటయ్యగారూ, ఇలా అయిపోయారు?"

"ఉపవాసాలు నాయనా. నలుగురికీ చెప్పకు."

చెప్పకు అన్నారు గనక దర్జీ ఊరంతా చెప్పాడు. "నా టేపే సాక్ష్యం. ఆరంగుళాల ఉపవాసం!" అని చేతులు చాచి చూపించేవాడు. విన్నవాళ్లు కళ్లు మూసుకునేవాళ్లు. కొంతమంది తాము కూడా ఉపవాసం మొదలుపెట్టారు.

రెండేళ్లు తిరక్కుండా దర్జీ భార్య చిక్కింది. ఆవిడ జాకెట్లు కూడా అతనే బిగించాడు. ఒకసారి, మళ్లీ నెలకి ఇంకోసారి. కడవలకి కడవలు నీళ్లు తాగేది. కొత్త చెప్పు కరిచి బొటనవేలి దగ్గర చిన్న పుండు పడింది. అది మానలేదు. పాదం నల్లబడింది.

"ఏమయ్యా, ఒక్కసారి డాక్టరుకి చూపించవూ?" అంది ఒకరోజు.

"నీ నోట రావలసిన మాటేనా అది?" అన్నాడు దర్జీ.

మళ్లీ అడగలేదు. నాలుగు నెలలకి పోయింది. చావు ఇంట్లోనే అయ్యగారు ప్రసంగించారు. ఆఖరి ఊపిరి దాకా మందు ముట్టని ఇల్లాలు అన్నారు. ఆ తర్వాత ఏ దేశం వెళ్లినా ఆవిడ సంగతే చెప్పేవారు. 'దర్జీ భార్య' అంటే తెలియని సంఘం లేదు. ఆరేళ్లుగా దర్జీ ఆ మాట పట్టుకుని బతుకుతున్నాడు. పిల్లా జెల్లా లేని మనిషికి ఇంకేం ఉంది? భార్య లేకపోయినా, భార్య విశ్వాసం ఉంది.

సెక్రటరీ వెళ్లాక దర్జీ కోటు తిరగేశాడు. దళసరి ఉన్నిది. ఓడ ప్రయాణాలకని ఏడేళ్ల కిందట కుట్టింది. వదులుగానే కుట్టించుకున్న దీన్ని అయ్యగారు ఏనాడూ బిగించడానికి ఇవ్వలేదు. "లోపల ఇంకో స్వెట్టరు వేసుకుంటాలే" అనేవారు. ఉప్పుకి లైనింగు ముడుచుకుపోయి అట్టకట్టింది. దాన్ని విప్పక తప్పదు. చంక కింద కుట్టు తెంపాడు. వేళ్లకి గట్టిగా ఏదో తగిలింది.

జేబు. లైనింగుకీ ఉన్నికీ మధ్య, చంక కింద, నాలుగంగుళాల పొడుగు. పైన చిన్న కొక్కెం. దళసరి మెత్తటి గుడ్డతో రెండు అరలు. అలాంటి జేబు అతను జన్మలో కుట్టలేదు.

లోపల రేకు పెట్టె. తుప్పు పట్టి మూత రాలేదు. కత్తెర మొనతో లేపాడు. గాజు సిరంజి, రెండు సూదులు, వేలెడేసి సీసాలు రెండు. ఒకటి పగిలింది. ఒకటి నిండుగా ఉంది.

అతను పెట్టె వైపు చూడలేదు. కుట్టు వైపు చూశాడు. కుడిచేత్తో కుడితే చేతికుట్టు ఒక వైపు వాలుతుంది. ఇది రెండో వైపు వాలి ఉంది. పక్కపక్కనే సన్నగా, బియ్యపు గింజలు పేర్చినట్టు. అతని దుకాణంలో కాజాలూ చేతికుట్టూ చేసే మనిషి ఒక్కతే ఉండేది, అతని భార్య. ఆవిడది ఎడమచేతివాటం.

అప్పుడు గుర్తొచ్చింది. "ఈ కోటు కాజాలు అయ్యగారింట్లో కూర్చుని కుడతాను, అమ్మగారికి తోడుగా ఉంటుంది" అని రెండు రోజులు తీసుకెళ్లింది. కాజాలకి రెండు రోజులా అని తను వేళాకోళం కూడా చేశాడు.

పెట్టె జేబులో వేసుకుని మందుల దుకాణానికి నడిచాడు. కాంపౌండరుని వీధిలో అందరూ చేదుమాత్ర అంటారు. మాట కూడా అలాగే ఉంటుంది.

"ఏం బావా, దారి తప్పావా? మా దుకాణం నీడ పడితే మీవాళ్లు స్నానం చేస్తారటగా!"

దర్జీ పెట్టె తెరిచి బల్ల మీద పెట్టాడు. కాంపౌండరు కళ్లజోడు పెట్టుకుని సీసా వెలుతురుకి పట్టి చూశాడు. వేళాకోళం ఆగిపోయింది.

"ఇన్సులిన్. చక్కెర జబ్బుకి. రోజూ పొడుచుకోవాలి. ఎవరిది?"

"ఇది లేకపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుందేంటి? మనిషి చిక్కిపోతాడు. నీళ్లు నీళ్లంటాడు. పుండు పడితే మానదు. కాలు..." అని ఆగిపోయాడు. కళ్లజోడు తీశాడు. "ఆ రోజు నీ గుమ్మంలో నిలబడి ఇదే చెప్పాను బావా. నువ్వు తలుపేసుకున్నావు."

"చెప్పావు."

"ఇది ఎవరిదో చెప్పవా?"

"ఉపవాసాలు చేసినాయనది," అన్నాడు దర్జీ.

మర్నాడు పొద్దున్నే అమ్మగారింటికి వెళ్లాడు. ఆవిడ వంటగదిలో ఒక్కతే ఉంది. కూర్చోమంది. కూర్చోలేదు. బల్ల మీద పెట్టె పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఎక్కడిదని కూడా అడగలేదు. పొయ్యి తగ్గించి వచ్చి కూర్చుంది.

"నేను కుట్టిన కోటులో దొరికింది అమ్మగారూ. నేను కుట్టని జేబులో."

"సముద్రంలో పోయిందనుకున్నాను."

"మా ఇంటిదానికి తెలుసా, ఆ జేబు ఎందుకో?"

"తెలుసు. తెలియకుండా కొలత ఎలా కుదురుతుంది? గ్రంథం మీద చెయ్యి వేయించాను. మొగుడికి కూడా చెప్పనని ఒట్టేసింది. మాట నిలబెట్టుకుంది."

"కాలు నల్లబడినప్పుడు మిమ్మల్ని రమ్మంది. మూడుసార్లు నేనే వచ్చి పిలిచాను. ప్రార్థనకేమో అనుకున్నాను. మూడోసారి వచ్చి తలుపేసుకున్నారు. మీరు వెళ్లాక అది గోడ వైపు తిరిగింది. మళ్లీ నా వైపు తిరగలేదు."

అమ్మగారు కొంగుతో బల్ల తుడిచింది. బల్ల శుభ్రంగానే ఉంది.

"ఒక్క సీసా అడిగింది నాయనా. వాడటం తనే నేర్చుకుంటానంది. ఆయన్ని అడిగాను. ఒక్క సీసా గడప దాటితే పన్నెండు వేల మంది విశ్వాసం కూలిపోతుందన్నారు."

"విశ్వాసమా, హాలా?"

"నువ్వు అనాల్సిన మాటలే. అను."

"అది పోయిన రోజు పొద్దున్న కూడా ఆయన పొడుచుకున్నారా?"

"నేనే సూది మరగబెట్టాను."

దర్జీ బల్ల మీది పెట్టె వైపు చూశాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మాట ఉంది. ఇతను నానబోసింది గింజలు కాదు. కట్టుకున్నదాన్ని.

"ఆయన చెడ్డవాడు కాదు," అంది అమ్మగారు. "కోటు ఇచ్చేశారు. అందులో ఏముందో తెలిసే ఇచ్చారు. అది లేకపోతే ఒడ్డుకి చేరినా బతకనని ఆయనకి తెలుసు."

"చలికి వణికే మనిషికి కోటిచ్చారు. చచ్చిపోయే మనిషికి సీసా ఇవ్వలేదు. కోటిస్తే నలుగురూ చూస్తారు."

ఆవిడ ఏడ్చింది. దర్జీ చూస్తూ నిలబడ్డాడు. ఏడుపు అయ్యేదాకా ఆగి తనకి కావలసింది చెప్పాడు. పుస్తకంలో ఆరో అధ్యాయం తీసేయాలి. ఆదివారం హాల్లో, అందరి ముందు, తన భార్య మందు వద్దనలేదని, అడిగితే ఇవ్వలేదని చెప్పాలి. అంతే. ఇంకేం అక్కర్లేదు.

"నువ్వు చెబితే నమ్మరు," అంది అమ్మగారు. "నేను చెబుతాను. నేను చెబితే నమ్ముతారు. ఈ పెట్టె చేత్తో పట్టుకుని నేనే చెబుతాను. ఇది నా దగ్గర ఉంచు. తమ్ముడితో చెప్పి ఆ అధ్యాయం తీయిస్తాను. నువ్వు కోటు మటుకు ఎప్పటిలా చేసి పెట్టు. చింపిరి కోటు పెడితే జనం దాన్నే చూస్తారు. నా మాట వినరు."

గ్రంథం తెచ్చి దాని మీద చెయ్యి వేసింది. అదే గ్రంథం మీద ఇంకో మనిషి చెయ్యి ఎందుకు వేయించిందో దర్జీ అప్పుడే విన్నాడు. అయినా నమ్మాడు. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. పెట్టె అక్కడే వదిలి వచ్చాడు.

కోటు పని మీద నాలుగు రోజులు కూర్చున్నాడు. జేబుని గాటు పడకుండా విప్పి దాచుకున్నాడు. అది తన భార్య చేతి పని. అద్దాల పెట్టెలో ఉండాల్సిన అవసరం లేదు. లైనింగు ముక్క మార్చాడు. రంగు కుదరకపోతే టీ నీళ్లలో నానబెట్టి కుదిర్చాడు. పాత కుట్టు రంధ్రాల్లోంచే కొత్త దారం పోనిచ్చాడు. చంక కింద ఏనాడూ ఏమీ లేనట్టే అయింది. పని చెడగొట్టడం అతనికి చేతకాదు. చేతనైతే బాగుండేది.

ఆదివారం హాలు నిండింది. గుమ్మాల్లో కూడా నిలబడ్డారు. వేదిక మీద అద్దాల పెట్టె, దాని మీద తెల్లగుడ్డ. పక్కన పుస్తకాల దొంతర. దర్జీ ఎక్కుతూ ఎక్కుతూ ఒకటి తీసి తెరిచాడు.

ఆరో అధ్యాయం ఉంది. పేరు కూడా మారలేదు. 'మందు ముట్టని ఇల్లాలు.'

అమ్మగారి వైపు చూశాడు. ముందు వరసలో తెల్లచీరలో కూర్చుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి. ఖాళీగా ఉన్నాయి. అచ్చైన పుస్తకాలు మార్చడానికి టైము చాలలేదేమో అనుకున్నాడు. పెట్టె సంచిలో ఉందేమో అనుకున్నాడు. మునిగేవాడికి గడ్డిపరక కూడా దుంగే.

సెక్రటరీ గుడ్డ లాగాడు. హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపులు మొదలయ్యాయి. కొందరు మోకాళ్ల మీద పడ్డారు. కోటు నిజంగానే బాగుంది.

"ఇప్పుడు అమ్మగారు రెండు మాటలు..." అని సెక్రటరీ అటు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అమ్మగారు మాట్లాడే స్థితిలో లేరు. మన దర్జీ సాక్ష్యం విందాం."

దర్జీ మైకు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ లేస్తుందని ఇంకాసేపు చూశాడు. లేవలేదు.

"నా భార్య డాక్టరు కావాలంది," అన్నాడు. "నేను వద్దన్నాను. ఆ తప్పు నాది. దాన్ని ఎవరికీ పంచను. తర్వాత అయ్యగారి దగ్గరున్న మందు ఒక్క సీసా అడిగింది. అయ్యగారికి చక్కెర జబ్బు. ఏడేళ్లు రోజూ ఇంజక్షన్ చేసుకున్నారు. ఆ మందు ఈ కోటులోనే ఉండేది. అడిగితే ఇవ్వలేదు. అందుకే నా భార్య చచ్చిపోయింది."

హాల్లో ఒకేసారి నలభై నోళ్లు లేచాయి.

"పెళ్లాం పోయాక మతి చలించింది పాపం!"

"పెళ్లి చేసుకోరా అంటే విన్నాడా? ఒంటి బతుకు ఇంతే!"

"ఉప్పు తిన్న ఇంటికే..."

సెక్రటరీ చెయ్యెత్తాడు. అరవలేదు. తాళం తీసి కోటు బయటికి తెచ్చాడు. "ఎక్కడుండేది తమ్ముడూ మందు? చూపించు."

"చంక కింద. లైనింగు వెనక జేబు."

సెక్రటరీ లైనింగు తిరగేసి ముందు వరసల వాళ్లకి పట్టి చూపించాడు. ఒక పెద్దాయన వచ్చి వేలితో తడిమాడు. ఎక్కడా అతుకు లేదు. ఎక్కడా గుంట లేదు.

"ఏమీ లేదు. నున్నగా ఉంది," అన్నాడాయన. మంచి పనివాడి పని మరి.

దర్జీ చొక్కా జేబులోంచి గుడ్డజేబు తీసి ఎత్తి పట్టుకున్నాడు. "ఇదిగో. నేనే విప్పాను. ఇది నా భార్య కుట్టు. ఎడమచేతి కుట్టు. ఎవరైనా చూడండి."

"దర్జీవి! నీకు గుడ్డపేలికలకి కరువా?" అని ఎవరో అన్నారు. నవ్వులు వినబడ్డాయి. ఏడ్చిన మొహాలతోనే నవ్వారు.

అప్పుడు అమ్మగారు లేచింది. హాలు సద్దుమణిగింది. మెల్లగా మెట్లెక్కి వచ్చి దర్జీ భుజం మీద చెయ్యి వేసింది.

"నీ బాధ మాకు తెలుసు నాయనా."

"పెట్టె ఎక్కడ అమ్మగారూ?"

"ఏ పెట్టె నాయనా?"

అంతమంది ముందు, అంత మెత్తగా అడిగింది. తర్వాత జనం వైపు తిరిగి, ఈ బిడ్డ కోసం పాడదాం అంది. పాట మొదలుపెట్టింది ఆవిడే. మూడు వేల గొంతులు అందుకున్నాయి. దర్జీ పెదవులు కదపకుండా నిలబడ్డాడు. ఐదు చరణాలు. ఒక్కటీ వదల్లేదు వాళ్లు.

పాట అయ్యాక అతను మళ్లీ మైకు దగ్గరికి వంగాడు. "నా భార్య డాక్టరు కావాలంది," అన్నాడు.

సెక్రటరీ మైకు ఆపించాడు. పాట మళ్లీ అందుకున్నారు, ఈసారి గట్టిగా. ఇద్దరు వచ్చి దర్జీ రెక్కలు పట్టుకున్నారు. వేదిక మీద అందరూ చూస్తుండగా ఈడ్చడం బాగుండదనుకున్నారో ఏమో, పట్టుకుని ఊరుకున్నారు.

ఆడవాళ్ల వైపు మూడో వరసలో ఒకావిడ పాడటం మానేసింది. ఒళ్లో జబ్బు పిల్ల ఉంది, పిల్ల మొహం వాచి ఉంది. ఆవిడ లేచి రాలేదు. అతని వైపు చూడను కూడా లేదు. నోరు మూసుకుంది, అంతే.

రెండోసారి పాట అయింది. మైకు లేదు. దర్జీది అయ్యగారి గొంతు కాదు, నాలుగు వరసలు దాటదు. రెక్కలు పట్టుకున్నవాళ్ల మధ్యనుంచే మళ్లీ మొదలుపెట్టాడు.

"నా భార్య డాక్టరు కావాలంది."